లిస్టుకు రెండు లెక్కలు పెట్టొద్దు

సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్‌లో కస్టమ్ పోస్టుల (మనకు కావాల్సిన రకంగా పెట్టుకునే పోస్టుల) లిస్టు ఒకటి తయారుచేసి, కింద 1, 2, 3 అని నంబర్లు పెట్టి, తీరా నంబరు నొక్కితే "పేజీ దొరకలేదు" అని వస్తే, ఎవరిని అడిగినా మొదట చెప్పే మందు ఒకటే. సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్‌కి, అంటే పేజీల అడ్రసులు ఉండే చోటికి పో, ఏమీ మార్చొద్దు, ఊరికే సేవ్ నొక్కు. నొక్కుతాం. ఒక్కోసారి కుదురుతుంది. కుదరకపోతే ఎవరో ఇచ్చిన నాలుగు లైన్ల కోడ్ తెచ్చి ఫంక్షన్స్ ఫైల్లో అతికిస్తాం, అదీ పనిచేయకపోతే పేజినేషన్ (లిస్టును పేజీలుగా విడగొట్టే) ప్లగిన్ వేస్తాం, చివరికి విసుగొచ్చి అన్ని పోస్టులనూ ఒకే పేజీలో కుమ్మరించి చేతులు దులుపుకుంటాం. నేననేది ఏమిటంటే, చాలాసార్లు ఇది పేజినేషన్ సమస్యే కాదు. ఆ నంబర్ల వరసలో ఏ తప్పూ ఉండదు. ఒకే లిస్టుకు రెండు లెక్కలు పెట్టుకుని ఉంటాం, అవి ఎక్కడో ఒకచోట తేడా కొడతాయి. ఆ రెండు లెక్కలనూ ఒకటి చేయకుండా ఎన్ని ప్లగిన్లు వేసినా దండగే.

కడపలో నా దగ్గరికి వచ్చే సైట్లలో సగం ఎవరో మొదలుపెట్టి వదిలేసినవే. డబ్బు పెట్టి కొన్న థీమ్ (సైటు రూపురేఖల ఫైళ్లు) ఒకటి ఉంటుంది, దాంట్లో ఇద్దరు ముగ్గురు చేయి పెట్టి ఉంటారు, ఎవరు ఏం చేశారో ఎక్కడా రాసి ఉండదు. ఆమధ్య అలాగే ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారి సైటు వచ్చింది. జిల్లాలోని శాసనాల ఫొటోలు, వాటి పాఠం, ఏ ఊళ్లో ఏ గుడి పక్కన ఉందో, ఇప్పటి మాటల్లో దాని అర్థం ఏమిటో, అన్నీ ఆయన ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నవి. ఒక్కో శాసనం ఒక్కో పోస్టు, "శాసనం" అనే కస్టమ్ పోస్ట్ టైప్ కింద. శతాబ్దాల వరసలో లిస్టు. ఆయన ఫోన్ చేసి అన్న మాట ఇది:

"ఏమబ్బీ, నాలుగో పేజీ దాకా బాగనే వస్తాంది, ఐదు నొక్కితే అట్లాంటి పేజీ లేదంటాంది. కలమళ్ల శాసనమే కనపడ్లేదు. అది లేకుండా కడప శాసనాల సైటేంది?"

న్యాయమైన కోపమే. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిదని అంటారు, తెలుగులో తొలి శాసనంగా మనం చెప్పుకునేది అదే. ఆయన మాటల్లో రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి ఐదో పేజీ లేకపోవడం, రెండోది కలమళ్ల శాసనం మొదటి పేజీలో లేకపోవడం. రెండోదాని సంగతి తర్వాత చెప్తాను, అది ఇంకా తమాషాగా ఉంటుంది.

ముందు ఐదో పేజీ. నాలుగు దాకా వచ్చి ఐదు రాకపోవడమే ఇక్కడ ఆధారం. పర్మాలింకులు చెడితే నాలుగూ రావు, మూడూ రావు.

వర్డ్‌ప్రెస్‌కు ఒక అడ్రస్ వచ్చినప్పుడు అది చేసే పనుల వరస ఒకసారి మనసులో పెట్టుకోవాలి. మొదట ఆ అడ్రస్‌ను తన దగ్గరున్న రీరైట్ రూల్స్‌తో పోల్చి, అడిగింది ఏ లిస్టు, ఎన్నో పేజీ అన్నది తేల్చుకుంటుంది. తర్వాత డేటాబేస్‌ను అడుగుతుంది. దీన్నే మెయిన్ క్వెరీ అంటారు. అడిగింది లిస్టులో రెండో పేజీ గానీ ఆ పైది గానీ అయి, అక్కడ చూపించడానికి ఒక్క పోస్టు కూడా దొరక్కపోతే అక్కడికక్కడే 404, అంటే పేజీ దొరకలేదు, అని తీర్మానిస్తుంది. ఇవన్నీ అయ్యాకే, మన థీమ్‌లోని టెంప్లేట్ ఫైల్ ఏది తెరవాలా అని చూస్తుంది. అంటే మనం టెంప్లేట్‌లో రాసుకున్న కోడ్‌కు మాట్లాడే అవకాశం వచ్చేసరికి తీర్పు అయిపోయి ఉంటుంది.

సార్ సైటులో అంతకుముందు పనిచేసిన వ్యక్తి, ఆ శాసనాల ఆర్కైవ్ (పోస్టులన్నిటినీ లిస్టుగా చూపించే పేజీ) టెంప్లేట్‌లో మెయిన్ క్వెరీ తెచ్చినదాన్ని పక్కన పడేసి, డబ్ల్యూపీ క్వెరీ అనే కోడ్‌తో కొత్తగా ఇంకో లిస్టు అడిగాడు, పేజీకి 6 చొప్పున. సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద ఉన్న అంకె మాత్రం వర్డ్‌ప్రెస్ పుట్టుకతో ఇచ్చిన 10, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. శాసనాలు 40 అనుకోండి. రెండో లిస్టు లెక్కలో 7 పేజీలు, కాబట్టి కింద ఏడు నంబర్లు వచ్చాయి. మెయిన్ క్వెరీ లెక్కలో 4 పేజీలే. ఐదు నొక్కగానే అది 41వ శాసనం నుంచి వెతుకుతుంది, లేదు కాబట్టి 404. పెళ్లిలో పిలుపులు పంచినవాళ్ల లెక్క ఒకటి, వంటమనిషికి చెప్పిన లెక్క ఇంకొకటి అయితే మొదటి మూడు బంతుల దాకా ఎవరికీ ఏమీ తెలీదు, నాలుగో బంతి దగ్గర బయటపడుతుంది చూడండి, అలా. అందుకే ఈ తప్పు చేసినవాళ్ల కంట పడదు. ఓ డజను డమ్మీ పోస్టులు వేసి, రెండో పేజీ ఒకసారి నొక్కి చూసి, బాగుంది అనుకుని సైటు అప్పజెప్పేస్తారు.

పర్మాలింక్స్ సేవ్ చేస్తే ఏమవుతుంది? రీరైట్ రూల్స్ మళ్లీ తయారవుతాయి, అంతే. కొత్తగా పోస్ట్ టైప్ పెట్టినప్పుడో దాని స్లగ్ (అడ్రస్‌లో కనపడే పేరు) మార్చినప్పుడో అది అవసరం, ఎందుకంటే వర్డ్‌ప్రెస్ ఆ రూల్స్‌ను ప్రతిసారీ తయారుచేయదు, ఆప్షన్స్ టేబుల్లో దాచుకుని వాడుకుంటుంది. పేజీకి 6 ఉండాలా 10 ఉండాలా అన్న గొడవకు దానికి సంబంధమే లేదు.

మరి ఇంతమంది టెంప్లేట్‌లో రెండో క్వెరీ ఎందుకు రాస్తారు? బద్ధకం అనను నేను, దీనికి ఒక చరిత్ర ఉంది. కస్టమ్ పోస్ట్ టైపులు అందరి చేతికీ సరిగ్గా వచ్చింది 2010 జూన్‌లో, వర్డ్‌ప్రెస్ 3.0తో. కానీ వాటికి సొంత ఆర్కైవ్ పేజీ ఇచ్చే హ్యాజ్ ఆర్కైవ్ అన్న సదుపాయం 2011 ఫిబ్రవరిలో 3.1 వచ్చేదాకా లేదు. మధ్యలో ఆ ఏడెనిమిది నెలలూ లిస్టు కావాలంటే ఒక మామూలు పేజీ సృష్టించి, దాని టెంప్లేట్‌లో సొంత క్వెరీ రాసుకోవడమే దారి. ఇది మెయిన్ క్వెరీనా కాదా అని హుక్‌లో (వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడ్ దూర్చే చోట) తేలిగ్గా అడిగే ఇజ్ మెయిన్ క్వెరీ అన్న ఫంక్షన్ ఆ ఏడాది చివర 3.3లో గానీ రాలేదు. అప్పటి పాఠాలు, అప్పటి కోడ్ ముక్కలు ఒకరి నుంచి ఒకరికి చేరుతూ ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. క్వెరీ పోస్ట్స్ అనే పాత ఫంక్షన్ వాడే థీమ్‌లు ఇప్పటికీ నా చేతికి వస్తుంటాయి. అది మెయిన్ క్వెరీ స్థానంలోనే వేరేది కూర్చోబెడుతుంది, తీర్పు అయిపోయాక సాక్షిని మార్చినట్టే, 404 మాత్రం ఎక్కడికీ పోదు.

ఇప్పుడు చేయాల్సింది చాలా చిన్నది. పోస్ట్ టైప్ రిజిస్టర్ చేసేటప్పుడు హ్యాజ్ ఆర్కైవ్ ట్రూ అని పెట్టాలి. టెంప్లేట్‌లో సొంత క్వెరీ తీసేసి, మెయిన్ క్వెరీ తెచ్చిన పోస్టులను ఒక్కొక్కటిగా చూపించే మామూలు లూప్ ఉంచాలి. పేజీకి 6 కావాలన్న కోరికను ప్రీ గెట్ పోస్ట్స్ అనే హుక్ దగ్గర, అంటే మెయిన్ క్వెరీ డేటాబేస్ దగ్గరికి వెళ్లేముందే దాని చెవిన వేయాలి. మూడు షరతులు మాత్రం మర్చిపోకూడదు: ఇది అడ్మిన్ కాదు, ఇది మెయిన్ క్వెరీయే, ఇది శాసనాల ఆర్కైవే. మొదటి షరతు వదిలేస్తే డ్యాష్‌బోర్డులో సార్ ఎడిట్ చేసుకునే లిస్టు కూడా ఆరుకు కుదించుకుపోతుంది. రెండోది వదిలేస్తే, సైడ్‌బార్‌లో "కొత్తగా చేర్చిన మూడు శాసనాలు" అని పెట్టిన చోట ఆరు వచ్చి కూర్చుంటాయి, ఎందుకంటే ఆ చిన్న లిస్టును కూడా వర్డ్‌ప్రెస్ శాసనాల ఆర్కైవ్ అనే అనుకుంటుంది. ఈ మూడూ ఉంటే, 2014 చివర్లో 4.1తో వచ్చిన ద పోస్ట్స్ పేజినేషన్ అన్న ఒక్క లైన్ చాలు, నంబర్లన్నీ సరిగ్గా వస్తాయి.

రెండో క్వెరీ అసలు రాయనేకూడదని కాదు నేను చెప్పేది. పైన సార్ పరిచయం, మధ్యలో జిల్లా మ్యాపు, కింద శాసనాల లిస్టు ఉన్న మామూలు పేజీ అయితే రెండో క్వెరీ తప్పదు. అప్పుడు దాని బాధ్యత మొత్తం మనమే మోయాలి. ఎన్నో పేజీయో చెప్పే పేజ్డ్ విలువను మనమే అందించాలి, మొత్తం పేజీల సంఖ్యను మన క్వెరీ నుంచి తీసి, నంబర్లు చూపించే పేజినేట్ లింక్స్ అన్న ఫంక్షన్‌కు మనమే చెప్పాలి, చెప్పకపోతే అది మెయిన్ క్వెరీని చూసి, అక్కడున్నది ఒకే పేజీ కాబట్టి నంబర్లే చూపించదు. ఆ పేజీని సైటు ముఖచిత్రంగా, స్టాటిక్ ఫ్రంట్ పేజీగా పెట్టారా, ఇంకో మెలిక. అక్కడ పేజీ నంబరు పేజ్డ్ అనే పేరుతో రాదు, పేజ్ అనే పేరుతో వస్తుంది. ఏ నంబరు నొక్కినా మొదటి ఆరే మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే. ఇంకొకటి, ఆఫ్‌సెట్. మొదటి పోస్టును పైన పెద్దగా చూపించాం కదా, లిస్టులో దాన్ని దాటేద్దాం అని ఆఫ్‌సెట్ 1 పెడతారు. ఆఫ్‌సెట్ పెట్టిన మరుక్షణం వర్డ్‌ప్రెస్ పేజ్డ్‌ను పట్టించుకోదు. ఆ లెక్క చేత్తో వేసుకోవాల్సిందే.

స్లగ్ గొడవ ఇంకొకటుంది. "శాసనాలు" అని ఒక పేజీ పెట్టి, పోస్ట్ టైప్‌కు కూడా అదే స్లగ్ ఇచ్చి, ఆర్కైవ్ మాత్రం పెట్టకపోతే, రెండో పేజీ అడ్రస్‌లో ఉండే "పేజ్" అన్న ముక్కను వర్డ్‌ప్రెస్ ఒక శాసనం పేరు అనుకుంటుంది. అలాంటి శాసనం కోసం వెతికి, లేదంటుంది. ఏదో ఒకదాని స్లగ్ మార్చండి, పోతుంది. ఆ తర్వాత పర్మాలింక్స్ సేవ్ నొక్కండి, ఇక్కడ మాత్రం దానికి పని ఉంది.

సరే, కలమళ్ల. లెక్క ఒకటి చేశాక ఏడు పేజీలూ తెరుచుకున్నాయి. కలమళ్ల శాసనం ఎక్కడుందయ్యా అంటే, పదిహేడో శతాబ్దం అయిపోయాక, చివర్లో. సార్‌కు చూపిస్తే నవ్వాలో తిట్టాలో తెలీక కాసేపు ఊరుకున్నారు. కారణం చాలా సాదాది. శతాబ్దం అన్న కస్టమ్ ఫీల్డులో 6, 7, 16, 17 అని అంకెలే రాశారు, కానీ లిస్టును ఆ విలువల వరసలో పెట్టమన్నప్పుడు మెటా వాల్యూ అన్నారు. అప్పుడు డేటాబేస్ వాటిని అంకెలుగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. నిఘంటువులో లాగా మొదటి అక్షరం పోల్చి, 1తో మొదలయ్యే 10, 16, 17 ముందు, 6 తర్వాత అంటుంది. రాయలు ముందు, రేనాటి చోళులు వెనక. మెటా వాల్యూ నమ్ అని మార్చగానే కలమళ్ల మొదటి పేజీకి వచ్చేసింది. అంతకుముందు ఐదో పేజీ తెరుచుకోక, కలమళ్ల కనపడక సార్ పడ్డ టెన్షన్ మొత్తం ఈ రెండు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం వల్లే.

ఇంతటితో అయిపోతే బాగుండేది. సార్ పట్టువదిలే మనిషి కాదు, నోటుబుక్కు పట్టుకుని ఒక్కో పేజీ టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. ఒక శాసనం మూడో పేజీ చివరా ఉంది, నాలుగో పేజీ మొదటా ఉంది. ఇంకొకటి ఎక్కడా లేదు. పేజీల మొత్తం సరిగ్గానే ఉంది, లోపల మాత్రం ఒకటి రెండుసార్లు, ఒకటి సున్నాసార్లు. మా జిల్లాలో విజయనగర కాలం శాసనాలు దండిగా ఉన్నాయి, లిస్టులో పదహారో శతాబ్దం అని రాసినవే బోలెడు. వాటన్నిటికీ విలువ 16. విలువ ఒకటే అయినవాటిలో ఏది ముందు ఏది వెనక అన్నదానికి వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ హామీ ఇవ్వదు. మూడో పేజీ అడిగినప్పుడు ఒక వరస, నాలుగో పేజీ అడిగినప్పుడు ఇంకో వరస ఇవ్వవచ్చు, అది దాని తప్పు కాదు, ఎలా పెట్టాలో మనం చెప్పలేదు కాబట్టి. శతాబ్దం తర్వాత పోస్టు ఐడీ వరసలో పెట్టు అని రెండో షరతు చేర్చితే సమస్య తీరింది. ఇలా రెండు మూడు షరతులను ఒకే జాబితాగా ఇచ్చే వీలు 4.0 నుంచీ ఉంది, ఎవరూ వాడరు. వార్తల సైట్లలో పబ్లిష్ చేసిన తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి కాబట్టి రెండు పోస్టులు ఢీకొనడం అరుదు. శతాబ్దం, ధర, జిల్లా, రేటింగ్ లాంటివాటితో వరస పెట్టే ప్రతిచోటా ఇది పొంచి ఉంటుంది.

ఇంకా కొన్ని కనపడలేదు. ఏవీ? కాలం తెలియనివి. చెక్కిన రాయి అరిగిపోయి, రాజు పేరు గానీ శక సంవత్సరం గానీ చదవరానివి. వాటికి సార్ శతాబ్దం ఫీల్డు ఖాళీగా వదిలేశారు, చదువుకున్నవాళ్లు చేసే పనే అది, తెలియనిది తెలియదని ఊరుకోవడం. కానీ ఒక ఫీల్డును బట్టి వరస పెట్టమన్నామంటే, వర్డ్‌ప్రెస్ ఆ ఫీల్డు అసలు లేని పోస్టులను లిస్టులోంచే తీసేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. పేజీల లెక్క కూడా ఆ మిగిలినవాటికే వేసి చక్కగా చూపిస్తుంది. డ్యాష్‌బోర్డులో కనపడే మొత్తానికీ, సైటులో కనపడే మొత్తానికీ తేడా ఉందా అని పోల్చి చూస్తే తప్ప దొరకదు. నేను చూపించే శతాబ్దం వేరు, వరసకు వాడే అంకె వేరు చేశాను. కాలం తెలియనివాటికి ఆ వరస అంకె 99. సైటులో మాత్రం "కాలం తెలియదు" అనే ఉంటుంది. ఇది కొంచెం నాటు పద్ధతే, ఫీల్డు లేనివాటినీ కలుపుకొమ్మని క్వెరీలోనే చెప్పే దారి ఉంది, కానీ రేపు సార్ మనవడు ఎవరైనా చూసినా అర్థమయ్యేది నాకు ముఖ్యం.

శాసనం చెక్కిన సంవత్సరంతో వెతికే ఫారమ్ కూడా ఉండేది. 1520 అని కొట్టి వెతికితే 404. ఆ పెట్టె పేరు ఇంగ్లిష్‌లో ఇయర్ అని పెట్టారు. వర్డ్‌ప్రెస్‌కు ఆ పేరు సొంత ఆస్తి, పోస్టు పబ్లిష్ అయిన సంవత్సరం అని దాని అర్థం. 1520లో ఎవరూ పోస్టు పెట్టలేదు మరి. పెట్టెకు వేరే పేరు పెట్టాం. నేమ్, పేజ్ లాంటి పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ఫారమ్ గురించే ఇంకో ముక్క: ఐదో పేజీలో ఉండి "జమ్మలమడుగు" అని ఎంచుకుంటే, ఫారమ్ ఐదో పేజీ అడ్రస్‌కే పోకూడదు, లిస్టు మొదటి అడ్రస్‌కు పోవాలి. జమ్మలమడుగు శాసనాలకు ఐదో పేజీ ఉండకపోవచ్చు కదా.

ఇదంతా విని, ఎందుకొచ్చిన గోల, కిందికి జరుపుతూ పోతే అవే వస్తుంటే పోలేదా, అనేవాళ్లుంటారు. సార్ మనవరాలు అదే అంది, "తాతా, ఇప్పుడు నంబర్లు ఎవురు నొక్కుతారు?" అని. రీల్స్‌కు అది సరిపోతుంది, నేను కాదనను. వెతికి చదివే లిస్టుకు సరిపోదు. నలభై శాసనాలు కిందికి జరిపి ఒకటి తెరిచి, వెనక్కి వస్తే చాలా సైట్లలో మళ్లీ మొదటికొస్తాం. అడుగున ఉన్న కాంటాక్ట్ నంబరు అందుకోబోతే ఇంకో ఆరు వచ్చి దాన్ని కిందికి తోసేస్తాయి. డిగ్రీ పిల్లలకు సార్ వాట్సాప్‌లో "ఇక్కడి నుంచి చదవండి" అని ఒక లింక్ పంపాలంటే ఆ చోటుకు అడ్రసే ఉండదు. గూగుల్ కూడా సెర్చ్ ఫలితాల్లో నిరంతరం జారే పద్ధతిని 2021లో ఫోన్లలో, 2022లో కంప్యూటర్లలో తెచ్చి, 2024లో వద్దనుకుని మళ్లీ పేజీలకే వచ్చింది. ఇంకా కావాలంటే "మరిన్ని" అని ఒక బటన్ పెట్టండి, కానీ దాని వెనక నిజమైన రెండో పేజీ అడ్రస్ ఉండాలి. అది లేనప్పుడు ఆ బటన్ కూడా రెండో లెక్కే.

బ్లాకులతో కట్టే కొత్త పద్ధతిలో ఈ బాధలు లేవని అంటారు. సగం నిజం. 2021 జులైలో 5.8తో వచ్చిన క్వెరీ లూప్ బ్లాకులో, టెంప్లేట్ క్వెరీనే వాడాలా, సొంతం వాడాలా అని ఒక మీట ఉంటుంది. టెంప్లేట్‌దే అంటే మెయిన్ క్వెరీ. సొంతం అంటే ఆ బ్లాకు తన పేజీ నంబరును అడ్రస్ చివర ప్రశ్నార్థకం తర్వాత తన పేరుతోనే రాసుకుంటుంది, మెయిన్ క్వెరీ జోలికి పోదు కాబట్టి 404 రాదు. పాత టెంప్లేట్లలో మనం చేయలేకపోయిన పనిని వాళ్లు చేశారు, రెండు లెక్కలకు రెండు వేరువేరు అడ్రసులు ఇచ్చారు. మెచ్చుకోవాల్సిందే. వరస, ఖాళీ ఫీల్డుల గోల మాత్రం అక్కడా అలాగే ఉంది.

వేగం కోసమని నో ఫౌండ్ రోస్ అన్న మాట ప్రతి క్వెరీలో పెట్టమని చెప్పేవాళ్లున్నారు. సైడ్‌బార్‌లో మూడు శాసనాల లిస్టుకు పెట్టండి, మంచిదే, మొత్తం ఎన్నో లెక్కపెట్టే పని తగ్గుతుంది. పేజీలున్న లిస్టుకు పెట్టారంటే మొత్తం తెలీదు కాబట్టి పేజీల సంఖ్య సున్నా, నంబర్లు మాయం.

అన్నీ ఒకే పేజీలో చూపించడం తప్పా అంటే, కాదు. ఊళ్లవారీ లిస్టుల్లో చాలావాటికి అదే చేశాను. పది పన్నెండు ఉన్నచోట పేజీలు విడగొట్టడం చదివేవాళ్లకు శిక్ష. 2020 నుంచీ వర్డ్‌ప్రెస్ ఫొటోలను కనపడేముందే లోడ్ చేయకుండా ఆపగలదు, కాబట్టి రాతి ఫొటోలు బరువైనా ఫోను మొరాయించదు. అయితే అన్నీ ఒకే పేజీలో పెట్టే ఆ పనీ ప్రీ గెట్ పోస్ట్స్ దగ్గరే చేయాలి, టెంప్లేట్‌లో కాదు.

ఆ హుక్ కోడ్‌ను నేను, థీమ్ మారిస్తే దాంతోపాటే పోయే ఫంక్షన్స్ ఫైల్లో ఉంచలేదు, పోస్ట్ టైప్ రిజిస్టర్ చేసే కోడ్‌తో కలిపి చిన్న ప్లగిన్‌గా విడిగా పెట్టాను. సార్‌కు ఇప్పటి థీమ్ రంగు నచ్చలేదట, దసరాకు మార్చాలంటున్నారు.